కొడుకుతో పాటు గ్రౌండ్‌లో దిగిన తండ్రికి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. నాకు 48 ఏళ్లు. ఒంగోల్లో ఎరువులు, పురుగుమందుల కొట్టు నడుపుతున్నాను. పొద్దున 8 నుంచి రాత్రి 9 దాకా గల్లాపెట్టె దగ్గర కూర్చోవడమే పని. స్కూల్లో కబడ్డీ బాగా ఆడేవాణ్ణి. మా అబ్బాయి కానిస్టేబుల్ సెలక్షన్‌కి తయారవుతున్నాడు. రోజూ తెల్లారుజామున వాణ్ణి బండి మీద మినీ స్టేడియంలో దింపి ఓ పక్కన కూర్చునేవాణ్ణి. ఊరికే కూర్చోవడం దేనికని ఈ మధ్య నేనూ వాళ్లతో దిగాను. వారం తిరక్కుండానే 100 మీటర్లు లాగబోయి తొడ వెనక పట్టేసింది. తెలిసినాయన చేత ఆ రోజే నూనె పెట్టి గట్టిగా తోమించాను. రెండు వారాలైంది. ఇప్పుడు కాస్త నయం. కానీ ఇంట్లో గొడవగా ఉంది. "ఏందయ్యా ఈ వయసులో ఈ ఎగురుళ్లు" అని మా ఆవిడ. "40 దాటినాక నడక ఒక్కటే, అంతకు మించితే గుండె ఆగుద్ది. గౌతమ్ రెడ్డి గారిని చూళ్లేదా, పునీత్ రాజ్‌కుమార్‌ని చూళ్లేదా" అని మా బావ. మా అబ్బాయేమో 89 ఏళ్లకు మారథాన్ పరిగెత్తిన ఫౌజా సింగ్ వీడియో పంపాడు. నాకు బీపీ ఉంది, మాత్ర వేసుకుంటున్నాను. బరువు 84 కిలోలు. మా నాన్నకు 54 ఏళ్లప్పుడు గుండెపోటు వచ్చింది. నిజంగా నాకు వయసైపోయిందా? ఇక నడకతో సరిపెట్టుకోవాల్సిందేనా? మా ఆవిడకి 44, మోకాళ్ల నొప్పులని ఎక్కడికీ కదలనంటుంది. (పేరు వద్దు, ఒంగోలు)

సమాధానం: వయసైపోలేదండీ. కష్టమైన వ్యాయామం మీరు చేయొచ్చు. నన్నడిగితే చేయాలి కూడా. కాకపోతే గల్లాపెట్టె దగ్గర కూర్చున్న ఇన్నేళ్లనీ ఒక్క వారంలో దాటేద్దామనుకున్నారు, చిక్కంతా అక్కడ వచ్చింది. మీ బావగారి భయంలో సగం నిజముంది. దాన్ని ఆయన వయసు మీద పెట్టారు, అంతే తేడా.

ముందు కాలి సంగతి చూద్దాం. శక్తి కొద్దీ పరిగెత్తేటప్పుడు కాలు ముందుకు చాచి నేల మోపబోయే క్షణంలో తొడ వెనక కండరం ఒకపక్క సాగుతూనే ఇంకోపక్క బిగుసుకుని కాలిని ఆపాలి. రోజంతా కుర్చీలో మడిచి పెట్టిన కండరానికి ఇది బొత్తిగా అలవాటు లేని పని. ఉద్యోగమంతా పిల్లల్ని పరిగెత్తించడంలోనే గడిపినవాణ్ణి, చలికాలం పొద్దున వార్మప్ లేకుండా లాగిన ఇంటర్ కుర్రాళ్లకు పట్టేయడం ఎన్నిసార్లు చూశానో. కాబట్టి ఇందులో మీ వయసుని ఆడిపోసుకోవాల్సిందేం లేదు. నూనె పెట్టి తోమించడం మాత్రం మొదటి రెండు మూడు రోజులు చేయకూడని పని. లోపల పోగులు తెగిన చోట నెత్తురు చేరుతూ ఉంటుంది, గట్టిగా తోమితే ఇంకా చేరుతుంది. మనవైపు ఏది పట్టేసినా, ఏది బెణికినా పుత్తూరు కట్టు అంటారు గానీ దీనికి అంత దూరం అక్కర్లేదు. మామూలు నడక నొప్పి లేకుండా సాగితే వేగం పెంచండి. వేగంగా నడిచినా నొప్పి లేకపోతే అప్పుడు నెమ్మదిగా జాగింగ్. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పాదాలు నేలకి ఆనించి, నడుము పైకి లేపి పది సెకన్లు నిలపండి. రోజూ పది పన్నెండుసార్లు చేస్తే ఆ కండరం మళ్లీ బలం పుంజుకుంటుంది. పట్టేసినప్పుడు టప్‌మని శబ్దం వినిపించి ఉన్నా, తొడ వెనక నల్లగా కమిలినా, ఇప్పటికీ కుంటుతున్నా ఎముకల డాక్టరుకి చూపించండి.

ఇక గుండె. అప్పటి మన రాష్ట్ర మంత్రి మేకపాటి గౌతమ్ రెడ్డి గారు 2022 ఫిబ్రవరిలో 50 ఏళ్లకే పోయారు. అంతకు నాలుగు నెలల ముందు, 2021 అక్టోబరులో, కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకు పోయారు. ఇద్దరూ ఒంటిని శ్రద్ధగా చూసుకునేవాళ్లని పేరు. మంత్రిగారు మన పక్క ఆత్మకూరు మనిషి కావడంతో ఆ కబురు ఇక్కడ మరీ గట్టిగా తగిలింది. మీ బావగారి నోట ఆ పేర్లు రావడంలో ఆశ్చర్యం లేదు. వాళ్ల గుండెల్లో అప్పటికి ఏముందో బయటివాళ్లం చెప్పలేం, చెప్పకూడదు కూడా. వాట్సాప్‌లో మాత్రం అందరూ కార్డియాలజిస్టులే!

గట్టిగా తెలిసిన సంగతులు వేరే ఉన్నాయి. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మన దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది. మిగతా దేశాల వాళ్లకు దాదాపు 59 ఏళ్లకు. తండ్రికో, సొంత అన్నదమ్ములకో 55 ఏళ్ల లోపు గుండెజబ్బు వస్తే డాక్టర్లు దాన్ని ప్రత్యేకంగా లెక్కలోకి తీసుకుంటారు. మీ నాన్నగారికి 54. పైగా మీకు బీపీ, పొట్ట, రోజంతా కూర్చునే పని. అందుకని మళ్లీ గ్రౌండ్‌లో దిగేముందు ఒకసారి డాక్టర్ని కలవండి. బీపీ, మూడు నెలల సగటు షుగరు, కొలెస్ట్రాల్, ఈసీజీ చూపించుకోండి. ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూసే టీఎంటీ కూడా కావాలేమో అడగండి. "వాకింగ్ చేద్దామనుకుంటున్నాను సార్" అని మొహమాటంగా చెప్పొద్దు. గట్టిగా పరిగెత్తాలనుకుంటున్నానని ఉన్నదున్నట్టు చెప్పండి. టీఎంటీ బాగుందంటే రక్తనాళాల్లో అసలేమీ లేదని అర్థం కాదు. ఆ వేగం దాకా గుండె ఇబ్బంది పడిన జాడ కనిపించలేదని మాత్రమే.

మీ బావగారి మాటలో సగం నిజముందన్నాను కదా, అది ఇది. 1993లో అమెరికాలో ప్రకటించిన ఒక అధ్యయనంలో, గుండెపోటు వచ్చి బయటపడినవాళ్లను ఒక పరిశోధక బృందం అడిగింది: నొప్పి రావడానికి ముందు గంటలో ఏం చేస్తున్నారు, మామూలుగా వారానికి ఎన్నిసార్లు ఒళ్లు వంచి పనిచేస్తారు అని. వారంలో ఒక్కసారి కూడా చెమట పట్టేలా పని చేయనివాళ్లు ఉన్నట్టుండి బరువైన పనికి దిగితే, ఆ తర్వాతి గంటలో గుండెపోటు ముప్పు ఊరికే ఉన్నప్పటి కంటే 107 రెట్లు ఎక్కువని తేలింది. వారానికి ఐదుసార్లో, అంతకంటే ఎక్కువో చేసేవాళ్లకు 2.4 రెట్లే. 107 చూసి హడలిపోకండి. ఏ ఒక్క గంటలోనైనా గుండెపోటు వచ్చే అవకాశం చాలా చాలా తక్కువ కాబట్టి అన్ని రెట్లు పెరిగినా అది తక్కువే. కానీ ఆ రెండు అంకెల మధ్య తేడా చూడండి. పని అదే, ముప్పు మాత్రం ఎంతో మారిపోయింది. మొన్న మీరు 100 మీటర్లు లాగిన రోజున ఏ గుంపులో ఉన్నారో మీకే తెలుసు. మనం చేయాల్సిందల్లా మిమ్మల్ని మెల్లగా రెండో గుంపులోకి తీసుకెళ్లడం.

అది ఈ వయసులో కుదురుతుందా అంటారా? డల్లాస్‌లో జరిగిన ఒక పరిశోధన గురించి చెబుతాను, నాకు చాలా ఇష్టమైనది. 1966లో అక్కడ ఐదుగురు ఆరోగ్యమైన కుర్రాళ్లను, అందరూ 20 ఏళ్ల వాళ్లే, మూడు వారాలు మంచం దిగనివ్వకుండా పడుకోబెట్టారు. ఆ తర్వాత పరిగెత్తించి చూస్తే గుండె, ఊపిరి శక్తి బాగా పడిపోయింది. అదే ఐదుగురినీ ముప్పై ఏళ్ల తర్వాత, 50 ఏళ్ల వయసులో మళ్లీ పిలిచారు. ఈలోపు సంసారాలు, ఉద్యోగాలు, పొట్టలు అన్నీ వచ్చాయి. ఒంట్లో కొవ్వు శాతం రెట్టింపైంది. అయినా వాళ్లలో ఏ ఒక్కరూ 20 ఏళ్లప్పుడు మూడు వారాల మంచం తర్వాత ఉన్నంత అధ్వాన్నంగా లేరు. ముప్పై ఏళ్ల వయసు చేసిన నష్టం కంటే మూడు వారాలు కదలకపోవడం చేసిన నష్టమే ఎక్కువన్నమాట. అక్కడితో వదల్లేదు. ఆ 50 ఏళ్ల వాళ్ల చేత ఆరు నెలలు నడక, జాగింగ్, సైకిల్ చేయించారు. తీవ్రంగా కాదు, మెల్లగా పెంచుకుంటూ, చివరికి వారానికి నాలుగున్నర గంటల దాకా. ముప్పై ఏళ్లలో పోగొట్టుకున్న ఊపిరి శక్తి వెనక్కి వచ్చింది.

డల్లాస్‌లోనే చేసి 2018లో ప్రకటించిన ఇంకో పరిశోధన ఫలితాలు మీకు నేరుగా వర్తిస్తాయి. 45 నుంచి 64 ఏళ్ల మధ్య ఉన్న, ఆరోగ్యంగానే ఉన్నా వ్యాయామం అలవాటు లేనివాళ్లను తీసుకుని రెండేళ్లు తయారుచేశారు. వాళ్ల ఊపిరి శక్తి 18 శాతం పెరిగింది. అంతకంటే ముఖ్యం, కూర్చుని కూర్చుని బిరుసెక్కిన గుండె గోడ మళ్లీ కొంత మెత్తబడి, సాగే గుణం తెచ్చుకుంది. అంతకుముందు 65 దాటినవాళ్ల మీద ఏడాది పాటు ఇలాంటిదే చేసి చూస్తే ఊపిరి పెరిగింది గానీ గుండె బిరుసు తగ్గలేదు. అంటే నడివయసంటే దాటిపోయిన రైలు కాదు, ప్లాట్‌ఫామ్ మీద ఉన్న రైలు. అయితే వాళ్లకేం నేర్పారో కూడా వినండి. మొదట మూడు నెలలు రోజుకు అరగంట చొప్పున, వారానికి మూడు రోజులు, మామూలు వేగమే. గట్టి పరుగులు ఆ తర్వాతే చేర్చారు, అవీ వారానికి ఒకటో రెండో.

ఫౌజా సింగ్ సంగతి ఒక్క మాటలో తేల్చేస్తాను. 2000లో లండన్ మారథాన్ పరిగెత్తిన మాట నిజమే, అప్పటికి ఆయన వయసు 89 అన్నారు. గొప్ప మనిషి. కానీ కోటికొక్కడిని చూసి మన ట్రైనింగ్ రాసుకోలేం. మీ అబ్బాయితో అలాగే చెప్పండి.

ఇప్పుడు "తీవ్రం" అంటే ఎంత? మీ అబ్బాయి లెక్క వేరు. 1600 మీటర్లు 8 నిమిషాల్లోపు కొట్టాలంటే 400 మీటర్ల రౌండు 2 నిమిషాలకు మించకూడదు. అది వాడి ఉద్యోగం కోసం. మీకు తీవ్రం అంటే మీ ఒంటికి తీవ్రమైనదే. నడుస్తూనో పరిగెత్తుతూనో పక్కవాడితో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగితే అది మధ్యస్థం. రెండు మూడు మాటలకే ఊపిరి అందక ఆగాల్సి వస్తే అది తీవ్రం. ఈ రోజు మీకు ఎదురుగాలిలో వేగంగా నడవడమే తీవ్రం కావచ్చు. చేతి వాచీల్లో గుండె వేగం చూసుకుంటారు కదా, 208లో నుంచి వయసుని 0.7తో గుణించగా వచ్చింది తీసేస్తే గరిష్ఠ వేగం సుమారుగా వస్తుంది. మీకు 174. అందులో 85 శాతం, అంటే 148 దాటితే గట్టి శ్రమ. అయితే మీ బీపీ మాత్ర పేరు చూసుకోండి. మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివైతే అవి గుండె వేగాన్ని పట్టి ఉంచుతాయి, ఈ లెక్క తప్పుతుంది. మాటల లెక్కే నమ్మండి. ఎవరో చెప్పారని మాత్ర మాత్రం ఆపేయకండి.

డాక్టరు సరేనన్నాక మొదటి రెండు మూడు నెలలు వారానికి నాలుగైదు రోజులు, అరగంట నుంచి నలభై నిమిషాలు నడక. మాట్లాడగలిగే వేగమే. నెల తర్వాత మధ్యమధ్యలో ఒక్కో నిమిషం జాగింగ్ కలపండి. విసుగ్గా ఉంటుంది. పక్కన కుర్రాళ్లు దూసుకుపోతుంటే మీలోని కబడ్డీ ఆటగాడు ఊరుకోడు. ఆ రోజుల్లో వాళ్ల స్టాప్‌వాచ్ మీరు పట్టుకుని నిలబడండి! ఊపిరి ఆరు వారాలకే బాగుపడుతుంది, కండరం కూడా త్వరగానే అందుకుంటుంది. పిక్కని మడమకి కట్టి ఉంచే పెద్ద స్నాయువు, మోకాలి చిప్ప కింద పట్టు లాంటివి మాత్రం నెలల తరబడి తీసుకుంటాయి. ఊపిరి బాగుందని వేగం పెంచినవాళ్లకే రెండో నెలలో మడమ నొప్పి, పిక్క నొప్పి వచ్చి అంతా ఆగిపోవడం మామూలు.

నాలుగో నెలలో గట్టి రోజు మొదలెట్టండి, వారానికి ఒక్కటే. దానికి గ్రౌండ్ కంటే ఒంగోలు కొండ మేలు. చెన్నకేశవస్వామి గుడికి ఎక్కే దారిలో రెండు నిమిషాలు ఆయాసం వచ్చేలా చకచకా ఎక్కండి, నెమ్మదిగా దిగండి, మళ్లీ ఎక్కండి. మొదట నాలుగుసార్లు చాలు. ఎక్కేటప్పుడు గుండెకి పని బాగా పడుతుంది, తొడ వెనక కండరం మీద 100 మీటర్ల లాగుడంత ఒత్తిడి పడదు, మోకాలికి దెబ్బ తక్కువ. దిగేటప్పుడే మోకాళ్లు నొస్తాయి, కాబట్టి పరిగెత్తుతూ దిగొద్దు. ఇది అలవాటయ్యాక నార్వే వాళ్లు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతికి వెళ్లొచ్చు: నాలుగు నిమిషాలు గట్టిగా, మూడు నిమిషాలు నెమ్మదిగా, ఇలా నాలుగుసార్లు. ముందు పది నిమిషాలు వార్మప్ తప్పదు. గట్టి రోజుకీ గట్టి రోజుకీ మధ్య కనీసం రెండు రోజుల ఎడం ఉండాలి. 20 ఏళ్ల వాడు రాత్రికి రాత్రే కోలుకుంటాడు. వయసు తేడా నిజంగా తెలిసేది ఇక్కడే. కొట్టు కట్టేసి, లెక్క చూసుకుని, అన్నం తిని పడుకునేసరికి పదకొండు, నాలుగున్నరకి లేవడం అంటే నిద్ర చాలదు. అలాంటి రోజున గట్టి పరుగు మానేసి నడిచి రండి. కొత్తపట్నం బీచ్‌లో ఇసుకలో పరుగు బాగుంటుందని ఎవరైనా అంటే ఇప్పుడప్పుడే వద్దు, మెత్తటి ఇసుకలో పిక్కలు, మడమలు మామూలు కంటే ఎక్కువ లాగుతాయి.

పరుగు కంటే మీకు బలం వ్యాయామాలు ఇంకా అవసరం అంటాను. వ్యాయామం లేకపోతే 30 దాటిన దగ్గర్నుంచి కండ తరుగుతూనే ఉంటుంది. దీనికీ వయసు అడ్డం కాదు. 1990లో ప్రకటించిన ఒక పరిశోధనలో, బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో 86 నుంచి 96 ఏళ్ల వాళ్ల చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులు ఎత్తిస్తే వాళ్ల కాళ్ల బలం రెట్టింపు దాటింది. మీకు జిమ్ కూడా అక్కర్లేదు, కొట్లోనే ఉంది సరంజామా. యూరియా బస్తా 45 కిలోలు, దాని జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఖాళీ గోతంలో పది కిలోల ఇసుక పోసి మూతి కట్టండి. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి, గోతం రెండు పాదాల మధ్య ఉంచి, నడుము వంచకుండా తుంటిని వెనక్కి తోసి కిందికి దిగండి. గోతాన్ని ఒంటికి దగ్గరగా పట్టుకుని, మడమలతో నేలని తొక్కుతూ లేవండి. పదిసార్లు, కాసేపు ఆగి మళ్లీ పదిసార్లు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం, బల్లకి చేతులు ఆనించి దండీలు తీయడం, ఈ మూడూ వారానికి రెండు రోజులు. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టకండి, బీపీ ఉన్నవాళ్లకు అది మంచిది కాదు. రెండు వారాలకోసారి రెండేసి కిలోల ఇసుక కలపండి. మూడు నాలుగు నెలలకి హమాలీ రాని రోజున మీ నడుమే మీకు చెబుతుంది తేడా.

జిమ్ కుర్రాళ్లు ప్రీ వర్కవుట్ అని డబ్బాలు చూపిస్తారు. వాటిలో చాలావాటిలో కెఫీన్ దండిగా ఉంటుంది, బీపీ ఉన్న మీరు ముట్టుకోవద్దు. తిండి గురించి పెద్దగా చెప్పను: అన్నం కాస్త తగ్గించి చేపో గుడ్డో పప్పో పెంచండి, చాలు.

ఎండ సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఏప్రిల్ నుంచి రోహిణి కార్తె వెళ్లేదాకా మనకి ఎండ ఒకటే కాదు, సముద్రం పక్కన ఉక్క ఇంకొకటి. చెమట కారుతుందే గానీ ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఆ నెలల్లో గట్టి పరుగులు ఆరున్నర లోపు అయిపోవాలి, లేదంటే ఆ రోజుకి మానేయాలి. జ్వరం వచ్చి తగ్గిన వెంటనే పరిగెత్తడం కూడా తప్పే. కొన్ని వైరల్ జ్వరాలు గుండె కండరానికి వాపు తెస్తాయి, ఒంట్లో నీరసం పూర్తిగా పోయాకే మొదలెట్టాలి.

పరిగెత్తుతుంటే ఛాతీ పట్టేసినట్టున్నా, నొప్పి ఎడమచేతికో దవడకో పాకినా, కళ్లు తిరిగినా, ఎప్పుడూ లేనంత ఆయాసమో చల్లటి చెమటో పట్టినా అక్కడితో ఆపేయండి. 108కి ఫోన్ చేయించి ఈసీజీ తీసే ఆస్పత్రికి వెళ్లండి. మన ఊళ్లలో చాలామంది గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంటారు. విలువైన గంటలు అలాగే పోతాయి. మీ నాన్నగారి కథ తెలిసిన మీరు ఆ పని చేయరనే అనుకుంటున్నాను. ఈ సంగతులన్నీ మీ అబ్బాయికి కూడా చెప్పి ఉంచండి, గ్రౌండ్‌లో మీ పక్కన ఉండేది వాడే.

మీ బావగారిని వాదించి గెలవాలని చూడకండి. ఆయన వయసెంతో రాయలేదు గానీ ఆయనకీ ఆ పరీక్షలు చేయించండి, ఇద్దరూ కలిసి వెళ్లండి. మొదటి మూడు నెలల నడకకి ఆయన్నే తోడు పిలవండి. నడక ఒక్కటే చాలని ఆయనే అన్నారు కాబట్టి కాదనలేరు.

ఉత్తరం చివర్లో ఒక్క ముక్కలో రాసి వదిలేశారు, మీ ఆవిడకి 44 అని, మోకాళ్ల నొప్పులని ఎక్కడికీ కదలనంటుందని. నన్నడిగితే మీకంటే ఆవిడకే తొందర ఎక్కువ. ముట్లు ఆగిపోయే వయసు దగ్గరపడ్డాక ఆడవాళ్ల ఎముకలు త్వరగా పల్చబడతాయి. ఆ ఎముకలకి మందులతో పాటు బరువులు ఎత్తడం కూడా మేలు చేస్తుంది. ఆ గోతం వ్యాయామం ఐదు కిలోలతో ఆవిడా చేయొచ్చు, కానీ మోకాలి సంగతి తేలకుండా చెప్పను. నొప్పి మెట్లు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? చిప్ప చుట్టూనా, లోపలి పక్కనా? పొద్దున లేవగానే బిగుసుకుపోయి ఎంతసేపటికి సర్దుకుంటుంది? వాపు ఉందా? ఇవన్నీ ఆవిడ చేతే రాయించి పంపండి. మీరు రాస్తే "ఏం లేదు, బద్ధకం" అని రాస్తారు.